మూడు రాత్రుల కెనడా రాకీస్: ఏ బస, ఏ దారి, ఏ బండి?

కెనడాలోని కాల్గరీ నగరంలో ఆర్‌వీ (మంచాలు, వంటగది ఉండే బండి) అద్దెకు తీసుకుని రాకీ పర్వతాల్లోని బాన్ఫ్, జాస్పర్ చూసి వద్దామనుకునే కుటుంబాలు చాలావరకు మొదట చూసేది బండి ఫొటోలే. మంచాలెన్ని, వంటగది ఎంత, లోపల స్నానాలగది ఉందా అని చూసి అడ్వాన్సు కట్టేస్తారు. ఆ తర్వాత దారి గీసుకుంటారు. రాత్రి ఎక్కడ ఆపాలన్నది ఆఖరున గుర్తొస్తుంది. అప్పటికి జూలై శనివారానికి బాన్ఫ్ నేషనల్ పార్కులో చోటు దొరకడం గగనమే. పోనీ రోడ్డు పక్కన ఆపుకుని పడుకుందామంటే పార్కు నిబంధనలు ఒప్పుకోవు. వ్యూపాయింట్ల దగ్గరా, ట్రెయిల్ పార్కింగుల్లోనూ రాత్రి బస నిషిద్ధం. రెండు మూడు వారాలు తిరిగేవాళ్లు ఒకరోజు అటూ ఇటూ అయినా సర్దుకుంటారు. మూడు నాలుగు రాత్రులకే వెళ్లేవాళ్లు మాత్రం ఈ వరుసను తిరగేయాలి: ముందు బస, దాన్నిబట్టి తేదీ, దాన్నిబట్టి దారి, అన్నిటికన్నా చివర బండి.

చేతికి ఎంత సమయం దక్కుతుందో కూడా ముందే లెక్క వేసుకోండి. అద్దె సంస్థలు సాధారణంగా బండిని మధ్యాహ్నం ఇస్తాయి, అప్పగించే రోజు ఉదయమే తెమ్మంటాయి. అంటే మూడు రాత్రుల అద్దెలో పూర్తిగా మీవి అయ్యేవి రెండు రోజులే. నీళ్లు ఎలా నింపాలి, మురుగు గొట్టం ఎలా తగిలించాలి, గ్యాసు ఎక్కడ కట్టేయాలి అని చూపించడానికే ఒక గంట పోతుంది. పైగా విదేశం నుంచి విమానం దిగిన రోజే తాళాలు చేతికివ్వడానికి చాలా సంస్థలు ఒప్పుకోవు. ఒక రాత్రి నిద్రపోయి రమ్మంటాయి. హైదరాబాద్ నుంచి వచ్చే తమ్ముడే బండి నడుపుతాడని అనుకుంటే, అతనికి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌తో పాటు కాల్గరీలో ఒక రాత్రి కూడా లెక్కలో వేయాలి.

అసలు ఆర్‌వీ కావాలా?

డబ్బు మిగులుతుందనే ఆశ ఒక్కటే కారణమైతే వద్దనే చెబుతాను. వెబ్‌సైటులో కనిపించే రోజు అద్దె చూసి బాన్ఫ్ హోటల్ గది ధరతో పోల్చుకుంటే ఆర్‌వీ చవకగానే తోస్తుంది. ఆ అద్దె మీద కిలోమీటర్ల రుసుము, బీమా, గిన్నెల సెట్టు, దుప్పట్లు, బండిని సిద్ధం చేసినందుకు ఒక రుసుము, జనరేటర్ నడిపితే గంటకు ఇంత అని ఒక్కొక్కటీ వచ్చి చేరతాయి. రాత్రి బండి నిలిపే క్యాంప్‌గ్రౌండ్ అద్దె వేరు. పెట్రోలు సంగతి చూడండి. కాల్గరీ నుంచి జాస్పర్ వెళ్లి రావడం, మధ్యలో చిన్న చిన్న తిరుగుళ్లతో కలిపి 850 కిలోమీటర్లు అనుకుందాం. 25 అడుగుల మోటర్‌హోమ్ 100 కిలోమీటర్లకు 22 లీటర్లు తాగితే (కొండల్లో అది ఎక్కువేమీ కాదు) సుమారు 187 లీటర్లు. 9 లీటర్లు తాగే కారుకు అదే దూరం 76 లీటర్లలో అయిపోతుంది.

ఆర్‌వీ తీసుకోవడానికి మంచి కారణాలు వేరే ఉన్నాయి. ఇంట్లో శాకాహారులుంటే వాటిలో మొదటిది వంటగది. బాన్ఫ్ ఊళ్లో భారతీయ భోజనం దొరుకుతుంది కానీ, లేక్ లూయీజ్ దాటి ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే ఎక్కాక జాస్పర్ దాకా 232 కిలోమీటర్లలో తిండి దొరికే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో పప్పన్నం ఆశించడం అత్యాశ. రెండోది పెద్దవాళ్లు. రాత్రి రెండు సార్లు లేవాల్సి వచ్చే నాన్నగారికి టెంటు నుంచి చీకట్లో నడిచి వెళ్లే బాధ తప్పుతుంది. పగలు రోడ్డు పక్క పార్కింగు ఎక్కడైనా ఆపి మరుగుదొడ్డి వాడుకోవచ్చు. మూడోది పసిపిల్లల మధ్యాహ్నం నిద్ర. ఈ మూడింటిలో ఒక్కటీ మీకు వర్తించకపోతే, వయసులో ఉన్న ఇద్దరో ముగ్గురో వెళ్తుంటే, కారు తీసుకుని క్యాన్‌మోర్‌లోనో గోల్డెన్‌లోనో గది చూసుకోవడం మేలు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకుంటారు, తెల్లవారకముందే బయల్దేరతారు.

బస: కరెంటు తీగ ఉన్నదా, లేనిదా

క్యాంప్‌గ్రౌండ్లను ప్రధానంగా మూడు రకాలుగా చూడాలి. కరెంటు, నీళ్లు, మురుగు మూడూ బండి పక్కనే ఉన్నవి, కరెంటు మాత్రమే ఉన్నవి, ఏదీ లేనివి. బాన్ఫ్‌లో మొదటి రకం కావాలంటే టన్నెల్ మౌంటెన్ ట్రైలర్ కోర్టు. రెండో రకానికి దాని పక్కనే ఉన్న టన్నెల్ మౌంటెన్ విలేజ్ టూ, లేక్ లూయీజ్ దగ్గర గట్టి గోడల బండ్లకు మాత్రమే అనుమతి ఉన్న ట్రైలర్ క్యాంప్‌గ్రౌండ్. మూడో రకానికి టూ జాక్ మెయిన్, పార్క్‌వే మీద ఉన్న చిన్న క్యాంప్‌గ్రౌండ్లు. జాస్పర్ వైపు 781 చోట్లున్న విస్లర్స్‌లో మూడు రకాలూ దొరుకుతాయి.

ఫొటోల్లో అందంగా ఉండేవి మూడో రకంవి. నది పక్కన, చెట్ల మధ్య, పక్క బండి కనిపించనంత ఎడంగా ఉంటాయి. ట్రైలర్ కోర్టులో బండ్లు వరసగా నిలబడి ఉంటాయి, పార్కింగ్ లాట్‌లో పడుకున్నట్టే ఉంటుంది. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లకు, అందులోనూ మన వంట వండుకునేవాళ్లకు, తీగ ఉన్న చోటే తీసుకోమంటాను. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

తీగ లేనిచోట బండిలో దీపాలు, నీళ్ల పంపు, హీటరు ఫ్యాను బ్యాటరీ మీద నడుస్తాయి. పొయ్యి ప్రొపేన్ గ్యాసు మీద నడుస్తుంది, చాలా బండ్లలో ఫ్రిజ్ కూడా అంతే. గోడ సాకెట్లు మాత్రం చాలా బండ్లలో పనిచేయవు. అంటే రైస్‌కుక్కర్ లేదు, మైక్రోవేవ్ లేదు. జనరేటర్ ఉంది కదా అంటారా? పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో దాన్ని పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు మాత్రమే నడపనిస్తారు. రాత్రంతా హీటరు నడిస్తే పొద్దునకు బ్యాటరీ నీరసిస్తుంది, అది నిండాలంటే మళ్లీ జనరేటరో, రెండు గంటల డ్రైవింగో కావాలి. తీగ ఉన్నచోట ఈ బెంగ లేదు. అక్కడా హద్దు ఉంటుంది: అద్దె బండి సాధారణంగా 30 ఆంపియర్లది, అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, రైస్‌కుక్కర్ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. ఇండియా నుంచి అమ్మ తెచ్చిన మిక్సీ 230 వోల్టులది, ఇక్కడ దాన్ని ఇంట్లోనే వదిలి రండి.

అన్నం సంగతి. బాన్ఫ్ ఊరు 1,383 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కొలంబియా ఐస్‌ఫీల్డ్ దగ్గర ఇంకో రెండు డిగ్రీలు తక్కువకే. మూత పెట్టి వండిన కందిపప్పు గంట గడిచినా పలుకుగానే ఉంటుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ ఒకటి సామానులో పెట్టుకుంటే అన్నం, పప్పు రెండూ గ్యాసు మీదే అయిపోతాయి, తీగ ఉన్నా లేకున్నా. అన్నం వార్చే పద్ధతి మాత్రం ఇక్కడ వద్దు. గంజి సింకులో పోస్తే అది నేరుగా మురుగు ట్యాంకులోకి చేరుతుంది, ఎండలో రెండో రోజుకల్లా పులిసి బండంతా వాసన. నేల మీద పారబోస్తే ఎలుగుబంట్లకు పిలుపు, పైగా జరిమానా. నీళ్లు కొలిచి పోసి ఇగిరేలా వండాలి. కూర గిన్నెలు కడిగేముందు నూనెను కాగితంతో తుడిచేయాలి.

ఆ ట్యాంకు పరిమాణమే తీగ లేని చోట మీరు ఎన్ని రాత్రులు ఉండగలరో తేలుస్తుంది. స్నానాలు, గిన్నెల నీళ్లు పట్టే ట్యాంకు చాలా అద్దె బండ్లలో 100 లీటర్ల చుట్టుపక్కలే. నలుగురు ఇంట్లోలా స్నానం చేస్తే ఒక్క రోజులో నిండుతుంది. క్యాంప్‌గ్రౌండ్ స్నానాలగదులు ఉన్నచోట వాటినే వాడుకోండి. మరుగుదొడ్డి ట్యాంకు వేరే. మనం నీళ్లు వాడతాం కాబట్టి అది త్వరగా నిండుతుందని కొందరు భయపడతారు కానీ, నీళ్లు ఎక్కువగా ఉంటేనే ఖాళీ చేసేటప్పుడు సాఫీగా పోతుంది. గొట్టం తగిలించాక ముందు మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు తీయాలి, అది పూర్తిగా పోయాక స్నానాల నీళ్లది. ఆ సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగిపెడతాయి. చేతి తొడుగులు మరిచిపోవద్దు. వాల్వులు రెండూ మూసి ఉన్నాయని చూసుకున్నాకే గొట్టం మూత తిప్పాలి. ఈ ఒక్క జాగ్రత్త తప్పితే ఏమవుతుందో ఊహకే వదిలేస్తున్నాను.

పోపు వేసేటప్పుడు పైన ఉన్న వెంటు తెరిచి ఫ్యాను వేయండి. ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం అరవడం మామూలే. బయట బల్ల మీద వండుకోవచ్చు, ఇబ్బంది లేదు. తిన్నాక మాత్రం ఏదీ అక్కడ మిగలకూడదు: కూలర్, పొయ్యి, ఎంగిలి పళ్లెం, ఆవకాయ సీసా, కుక్క తిండి గిన్నె, అన్నీ బండి లోపలికి. నిద్రపోతున్నా, నడకకు వెళ్తున్నా ఇదే నియమం. సిబ్బంది తిరిగి చూస్తారు, వదిలేసిన సామాను పట్టుకుపోతారు.

బుకింగ్ పద్ధతిలోనూ తేడా ఉంది, చిన్న ప్రయాణాలకు అది చాలా ముఖ్యం. నేషనల్ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లకు పార్క్స్ కెనడా ఏటా శీతకాలం చివర్లో, జనవరి నుంచి మార్చి మధ్య, ఒక్కో పార్కుకు ఒక్కో రోజున బుకింగ్ తెరుస్తుంది. ఆ ఉదయమే వేసవి మొత్తం వారాంతాలు చాలావరకు అయిపోతాయి. కాల్గరీకి దగ్గరగా ఉన్న కాననాస్కిస్ కొండల్లోని అల్బర్టా రాష్ట్ర పార్కుల్లో మాత్రం వచ్చే రోజుకు 90 రోజుల ముందే తెరుస్తారు. మార్చి దాటాక ప్రయాణం అనుకున్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. పార్క్‌వే మీది చిన్న క్యాంప్‌గ్రౌండ్లలో కొన్ని ముందొచ్చినవారికే దక్కుతాయి; మధ్యాహ్నానికల్లా చేరగలిగితేనే వాటిమీద ఆశ పెట్టుకోవాలి, పిల్లలూ పెద్దలూ ఉన్న బండితో ఆ జూదం వద్దు. రద్దయిన చోట్లు మళ్లీ జాబితాలో కనిపిస్తుంటాయి కాబట్టి బయల్దేరే ముందు వారం రోజూ ఒకసారి చూడండి. ఆదివారం నుంచి గురువారం దాకా అయితే ఆగస్టులోనూ దొరకడం అసాధ్యమేమీ కాదు.

లేక్ లూయీజ్ ట్రైలర్ క్యాంప్‌గ్రౌండ్ గురించి ఒక మాట: ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది, కరెంటు ఉంది, సరస్సుకు దగ్గర. రైలు పట్టాలకు ఇంకా దగ్గర. రాత్రిపూట మైలు పొడవు గూడ్సు బండ్లు వెళ్తుంటాయి. తేలిగ్గా మెలకువ వచ్చేవాళ్లుంటే టన్నెల్ మౌంటెన్‌కే ఓటు.

తేదీ

మే నెలలో పచ్చదనం ఊహించుకుని రావద్దు. లేక్ లూయీజ్ మీద మంచు మే చివరికో జూన్ మొదటికో కరుగుతుంది, ఇంకా ఎత్తున ఉన్న పేటో లేక్‌కు మరికొంత సమయం పడుతుంది. అందరూ ఫొటోల్లో చూసే ఆ నీలం రంగు జూలైలో బాగా తేరుతుంది. అయితే జూలై, ఆగస్టుల్లో జనం, ధరలు రెండూ ఎక్కువ. జూలై మొదట్లో పది రోజుల కాల్గరీ స్టాంపీడ్ ఉత్సవం ఉంటే బండ్లకు ఇంకా గిరాకీ. ఇటీవలి కొన్నేళ్లలో జూలై చివరి నుంచి అడవి మంటల పొగ కొండలను కప్పేసిన రోజులూ ఉన్నాయి. సెలవులతో పని లేనివాళ్లు సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే దాటాక రండి. నెల చివరి పది పదిహేను రోజుల్లో లార్చ్ చెట్లు బంగారు రంగుకు తిరుగుతాయి. అప్పటికి రాత్రులు సున్నా కిందికి దిగుతుంటాయి, అందుకే ఆ కాలంలో తీగ ఉన్న చోటు సౌకర్యం దాటి అవసరమే అవుతుంది. బడిపిల్లలున్న ఇళ్లకు జూన్ చివరి వారం లేదా ఆగస్టు మూడో వారంలో వారాంతం తగలని రోజులు చూసుకోవడమే దారి.

దారి: మూడు రకాల ప్రయాణాలు

మొదటిది, కదలకుండా ఉండేది. కాల్గరీ నుంచి బాన్ఫ్ 130 కిలోమీటర్ల లోపే. టన్నెల్ మౌంటెన్‌లో బండి నిలిపి మూడు రాత్రులూ అక్కడే ఉంటారు. ఊళ్లోకి, గొండోలాకు (కొండెక్కించే రోప్‌వే), వేడినీటి బుగ్గలకు రోమ్ (Roam) అనే స్థానిక బస్సు ఉంది. లేక్ లూయీజ్‌కు కూడా బస్సులో వెళ్లవచ్చు. మొరేన్ లేక్ రోడ్డు మీద 2023 నుంచి సొంత వాహనాలను అనుమతించడం లేదు, కాబట్టి కారు ఉన్నా ఆర్‌వీ ఉన్నా అక్కడికి షటిల్ బస్సే గతి. పార్క్స్ కెనడా షటిల్ సీట్లు కొన్ని వసంతంలోనే అమ్మేస్తారు, మిగిలినవి ప్రయాణానికి రెండు రోజుల ముందు ఉదయం 8 గంటలకు విడుదల చేస్తారు. ఆ షటిల్ టికెట్టుతో లేక్ లూయీజ్, మొరేన్ లేక్ రెండూ ఒకే రోజు చూసి రావచ్చు. బండి విప్పి, సర్ది, నడిపి, మళ్లీ తీగ తగిలించే పని ఒక్కసారికే అయిపోతుంది. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు, ఆర్‌వీ మొదటిసారి నడిపేవాళ్లకు ఇదే నా సిఫారసు.

రెండోది, జాస్పర్ దాకా. ఇది అందరి కోరిక. ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే 1940లో తెరిచిన దారి, దాని పక్కన కొండలు, హిమానీనదాలు, జలపాతాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. సరుకు లారీలను ఆ దారిలోకి రానివ్వరు కాబట్టి పెద్ద బండి నడిపేవాళ్లకు వెనక నుంచి హారన్ల ఒత్తిడి ఉండదు. గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు. బో సమిట్, సన్‌వాప్టా అనే రెండు కనుమలు 2,000 మీటర్లు దాటతాయి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేరు వేసుకోవాలి. లేక్ లూయీజ్, జాస్పర్ మధ్య పెట్రోలు దొరికేది సాస్కాచెవాన్ రివర్ క్రాసింగ్ ఒక్కచోటే, అదీ ప్రియం. దారిలో చాలా భాగం ఫోను సిగ్నల్ ఉండదు, మ్యాపులు ముందే దింపుకోండి.

మూడు రాత్రుల్లో జాస్పర్ వెళ్లి రావచ్చా అంటే, వెళ్లి రావచ్చు. చూడలేరు. ఒక వైపే 410 కిలోమీటర్లకు పైన, అది ఆర్‌వీ వేగంతో, పేటో లేక్, అథాబాస్కా హిమానీనదం, సన్‌వాప్టా జలపాతం, అథాబాస్కా జలపాతం దగ్గర ఆగుతూ వెళ్తే పొద్దుగూకే దాకా పడుతుంది. పేటో లేక్ పార్కింగులో పెద్ద బండ్లకున్న చోట్లు కొద్దే. పొద్దున పది దాటితే ఒక బండి కదిలేదాకా చుట్టూ తిరుగుతూ ఉండాలి, వెనక మరో రెండు ఆర్‌వీలు అదే పనిలో ఉంటాయి. హిమానీనదం అంచు దాకా నడిచే బాటలో మంచు ఏ సంవత్సరం దాకా ఎక్కడ ఉండేదో గుర్తులు పాతారు. 125 ఏళ్లలో అది కిలోమీటరున్నరకు పైగా వెనక్కి జరిగింది. ఆ గుర్తులను చూస్తూ నడవడానికే గంట కావాలి. ఇవన్నీ హడావుడిగా దాటేసి తర్వాతి రోజే తిరుగుముఖం పట్టే ప్రయాణానికి అంత అద్దె కట్టడం దండగ. జాస్పర్ కావాలంటే కనీసం ఐదు రాత్రులు పెట్టుకోండి. లేదా మూడు రాత్రులే అయితే కారులో వెళ్లండి. 2024 జూలైలో వచ్చిన కార్చిచ్చుకు జాస్పర్ ఊళ్లో మూడో వంతు కట్టడాలు కాలిపోయాయి. ఊరికి దక్షిణంగా నల్లబడ్డ చెట్ల మోడులు కనిపిస్తాయి, బస ఏది తెరిచి ఉందో ముందే చూసుకుని వెళ్లాలి.

రెండింటి మధ్య ఒక రాజీ ఉంది: లేక్ లూయీజ్‌లో రెండు రాత్రులు ఉండి, మధ్యలో ఒక రోజు పార్క్‌వే మీద హిమానీనదం దాకా, అంటే సుమారు 130 కిలోమీటర్లు, వెళ్లి తిరిగి రావడం. పార్క్‌వే అందాల్లో చాలావరకు ఆ సగంలోనే ఉన్నాయి. ఇంకో రోజు 27 కిలోమీటర్ల దూరంలోని ఫీల్డ్ ఊరికి, ఎమరాల్డ్ లేక్‌కు వెళ్లవచ్చు. టకకా జలపాతానికి వెళ్లే రోడ్డు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అక్కడి వంపులు ఎంత ఇరుకంటే ట్రైలర్లకు అనుమతే లేదు, పొడవాటి బండ్లు ఒక వంపులో వెనక్కి నడవాల్సిందే.

మూడోది కాననాస్కిస్. తెలుగువాళ్ల ప్రణాళికల్లో అరుదుగా కనిపిస్తుంది, చోటు దొరకని వాళ్ల చివరి దిక్కుగానే వింటుంటాను. నా దృష్టిలో ఆలస్యంగా మేల్కొన్నవాళ్లకు ఇది మొదటి ఎంపిక కావాలి. కాల్గరీకి గంట, గంటన్నర దూరం. మౌంట్ కిడ్ ఆర్‌వీ పార్కులో కరెంటు, నీళ్లు, మురుగు మూడూ ఉన్న చోట్లు ఉన్నాయి. హైవే 40 మీద హైవుడ్ కనుమ 2,206 మీటర్ల ఎత్తున ఉంది, కెనడాలో తారురోడ్డు చేరే కనుమల్లో అదే ఎత్తయినది. డిసెంబరు 1 నుంచి జూన్ 14 దాకా ఆ భాగం మూసేస్తారు. ఇక్కడ నేషనల్ పార్కు పాసు చెల్లదు, కాననాస్కిస్ పాసు వేరే తీసుకోవాలి. 2021లో మొదలైనప్పుడు బండికి రోజుకు 15 డాలర్లు. పోస్టుకార్డుల్లో కనిపించే ఆ నీలి సరస్సులు మాత్రం ఇక్కడ లేవు. వాటికోసమే వచ్చే అత్తయ్యను ఇక్కడికి తెచ్చి ఒప్పించలేరు.

బండి

ఇంతవరకు తేలాక బండి ఎంపిక దానంతటదే చిన్నదైపోతుంది. బస్సంత ఉండే ‘ఏ’ (A) క్లాస్ బండ్లను ఈ చిన్న ప్రయాణానికి పరిశీలనలోంచే తీసేయండి. లాగుకుపోయే ట్రైలర్ సొంత పికప్ ట్రక్కు, దాన్ని లాగిన అలవాటు ఉన్నవాళ్లకు మంచిది: క్యాంప్‌లో విప్పేసి ట్రక్కులో స్వేచ్ఛగా తిరగవచ్చు. అలవాటు లేనివాళ్లు వెనక్కి నడపడం కొండ దారుల్లో నేర్చుకోవద్దు. మిగిలినవి రెండే.

క్యాంపర్ వ్యాను 19 నుంచి 21 అడుగులు ఉంటుంది, చాలాచోట్ల మామూలు పార్కింగులో సర్దుకుంటుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది. ఇద్దరికి హాయి, ఇద్దరు పెద్దవాళ్లూ ఒక చిన్న బిడ్డా అయితే ఇరుకు, నలుగురైతే తగాదా. రోజూ కదిలే ప్రయాణానికి, లేక్ లూయీజ్ నుంచి పార్క్‌వే తిరిగి రావాలనుకునే జంటకు ఇదే సరి.

సీ క్లాస్ మోటర్‌హోమ్ అంటే డ్రైవరు నెత్తిమీద మంచం ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. 22 నుంచి 30 అడుగుల దాకా వస్తాయి. నలుగురైదుగురికి 25 అడుగులు చాలు. పెద్దది తీసుకుంటే ప్రతి పార్కింగులోనూ శిక్ష. మంచాల లెక్క చూసి మోసపోవద్దు, సీటు బెల్టుల లెక్క చూడండి. ఆరుగురు పడుకునే బండిలో ఆరు బెల్టులు ఉండాలని లేదు. అల్బర్టాలో 6 ఏళ్లు నిండని, 18 కిలోలు దాటని పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి, ఆ సీటును ఎక్కడ బిగించవచ్చో బుక్ చేసేముందే అడగాలి. బండి నడుస్తుండగా లేచి దోసెలు వేయడం సినిమాల్లోనే. అందరూ బెల్టుతో కూర్చోవాల్సిందే. నెత్తిమీది మంచానికి నిచ్చెన ఎక్కాలి, దాన్ని పిల్లలకు వదిలి వెనక మంచం అమ్మానాన్నలకు ఇవ్వండి. భోజనాల బల్ల మంచంగా మారుతుంది, అంటే అక్కడ పడుకునేవాళ్లు అందరికన్నా ఆలస్యంగా పడుకుని ముందుగా లేవాలి. ఆ త్యాగం ఎవరిదో ఇంటి దగ్గరే తేల్చుకోండి. బండి ఎత్తు 12 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. పెట్రోలు బంకు కప్పు కింద, క్యాన్‌మోర్‌లో హోటల్ వాకిళ్ల కింద ఆ సంఖ్య గుర్తుండాలి.

అమెరికా నుంచి మోంటానా మీదుగా సొంత బండిలో వచ్చేవాళ్లు కొలతలు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్డు మధ్య భాగంలోకి 21 అడుగులకు మించి పొడవున్న, 8 అడుగులకు మించి వెడల్పున్న వాహనాలను రానివ్వరు. 25 అడుగుల బండి ఉన్నవాళ్లు అక్కడ ఆ దారిని షటిల్‌లో చూడాల్సిందే.

చివరి రాత్రి ఎక్కడ ఉండాలన్నది చాలామంది ఆలోచించరు. ఉదయం పదకొండుకు బండి అప్పగించాలంటే, దానికి ముందు ట్యాంకులు ఖాళీ చేయాలి, ప్రొపేన్, పెట్రోలు తీసుకున్నప్పటి మట్టానికి నింపాలి, లోపల ఊడ్చి గిన్నెలు సర్దాలి. ట్యాంకు ఖాళీ చేయకుండా ఇస్తే వసూలు చేసే రుసుము చిన్నదేమీ కాదు. లేక్ లూయీజ్ నుంచి ఆ ఉదయం బయల్దేరితే 185 కిలోమీటర్లు, పైగా కాల్గరీ ట్రాఫిక్. అందుకని మొదటి రెండు రాత్రులు నేషనల్ పార్కు లోపల గడిపినా, మూడోది హైవే 1, హైవే 1ఎక్స్ కలిసే చోటికి దగ్గర్లో ఉన్న బో వ్యాలీ ప్రొవిన్షియల్ పార్కులో చూసుకోండి. కరెంటు ఉన్న చోట్లు అక్కడా ఉన్నాయి, ట్యాంకు పని ముందురోజు సాయంత్రమే ముగించవచ్చు, తెల్లవారి కాఫీ తాగి బయల్దేరినా కాల్గరీ గంట దూరమే.